చెల్లని నాణెం, చెల్లుబాటయ్యే అబద్ధం



హైదరాబాద్ శివార్లలోని చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ టంకశాల ఉంది. దేశం మొత్తానికి నాణేలు పోసే నాలుగు టంకశాలల్లో అదొకటి. మిగతా మూడూ ముంబయి, కోల్‌కతా, నోయిడాల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో తయారైన నాణెం మీద సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కనిపిస్తుంది. ఆ నక్షత్రం ఉన్న పది రూపాయల బిళ్ళ పట్టుకుని ఆ చుట్టుపక్కలే ఏదో కిరాణా కొట్టుకు వెళ్ళి అగ్గిపెట్టె, అగరొత్తులు అడిగితే ఏమవుతుంది? కొన్నేళ్ళుగా తెలుగునాట ఊరూరా వినిపిస్తున్న జవాబే వినిపించవచ్చు. "పది బిళ్ళ నడవట్లేదండీ, నోటుంటే చూడండి."

అదే కొట్టు, సాయంత్రం ఏడు గంటలు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక కుర్రాడు నూనె ప్యాకెట్లు, బాస్మతి సంచి కట్టించుకుని, గల్లాపెట్టె మీది క్యూఆర్ బొమ్మకు ఫోను చూపించి, తెర ఇటు తిప్పుతాడు. ఆకుపచ్చ టిక్కు, కొట్టు పేరు, పక్కన రూపాయలు. డబ్బు పడితే పలకాల్సిన స్పీకరు డబ్బా పలకలేదేమిటా అని యజమాని అటు చూసేలోగా "నెట్ స్లో అన్నా" అంటూ సంచి అందుకుని వెళ్ళిపోతాడు. ఆ తెర మీద కనిపించింది చెల్లింపు కాదు, చెల్లింపు బొమ్మ. అచ్చం అసలు యాప్‌లాగే ఉండి, ఏ అంకె కొడితే ఆ అంకె వెళ్ళినట్టు చూపించే నకిలీ యాప్‌లు కొన్నేళ్ళుగా చలామణిలో ఉన్నాయి. చెల్లదని ఆ కొట్టు తిప్పి పంపిన నాణేన్ని సర్కారు పోసింది. చెల్లుతుందని తీసుకున్న బొమ్మను ఎవడో గీశాడు.

నాణెం సంగతి ముందు తేల్చేద్దాం. రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ఒక ప్రకటన ఇచ్చింది. అప్పటిదాకా వచ్చిన పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో ఉన్నాయని, అన్నీ చెల్లుతాయని అందులో చెప్పింది. రూపాయి గుర్తు పుట్టిందే 2010లో. అంతకుముందు పోసిన బిళ్ళ మీద ఆ గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? అయినా "గుర్తు లేనిది దొంగ బిళ్ళ, అంచున పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే నకిలీది" అంటూ ఒక సందేశం ఫోన్లలో తిరిగింది. అనుమానం ఉన్నవాళ్ళ కోసం రిజర్వు బ్యాంకు 14440 అనే ఉచిత నంబరు పెట్టింది. నాణేల చట్టం ప్రకారం ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకా నాణేలుగా ఇవ్వవచ్చు. ఇవన్నీ కొట్టు యజమానికి చెప్పి చూడండి. "నాకు తెలుసండీ, నా దగ్గర తీసుకునేవాడికి తెలియదు కదా" అంటాడు. అబద్ధమని తెలిసినవాళ్ళు కూడా మోయాల్సి వచ్చే అబద్ధం ఇది. చివరికి బిళ్ళలన్నీ చేరేది గుడి మెట్ల దగ్గర పూలమ్ముకునే ఆవిడ డబ్బాలోకి. ఆవిడ వద్దనలేదు, తిరిగి ఇచ్చుకోనూ లేదు.

ఇలాంటివి మనకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇంటింటి గోడ మీదా, తలుపు మీదా "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతోనో సుద్దతోనో రాసి ఉండేది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం తలుపు కొడుతుందని, ఆ రాత చదివి మర్నాడు వద్దామని వెనక్కి పోతుందని కథ. అంతకుముందు పోస్టుకార్డులు వచ్చేవి. చదివినవాళ్ళు అలాంటివే మరికొన్ని రాసి పంపితే మేలు, చించేస్తే కీడు అన్నది వాటి సారాంశం. ఆ కార్డుకు ఖర్చయ్యేది పైసలే గనుక, ఎందుకొచ్చిన గొడవని రాసి పడేసినవారిలో చదువుకున్నవాళ్ళూ ఉండేవారు. గోడ రాతకీ, కార్డుకీ, ఇవాళ "కనీసం పదిమందికి ఫార్వర్డ్ చేయండి" అని ముగిసే సందేశానికీ పోలిక ఒక్కటే. మోసుకుపోయే మనుషులు లేకపోతే అవి అడుగు కూడా కదల్లేవు.

రేడియోలో మాట్లాడుతూ 1938 అక్టోబరు 30 రాత్రిని తలచుకోకుండా ఉండలేం. అమెరికాలో ఆర్సన్ వెల్స్ సమర్పించిన ఒక రేడియో నాటకంలో అంగారక గ్రహవాసులు దిగివచ్చారని వార్తా ప్రసారం పద్ధతిలో చెప్పడంతో దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందని ఇప్పటికీ పాఠాల్లో చెబుతుంటారు. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, ఆ రాత్రి రేడియో సర్వే వాళ్ళు పలకరించిన ఇళ్ళలో ఆ నాటకం వింటున్నవి నూటికి రెండే అని తేలింది. గాభరా పడినవాళ్ళు కొందరు ఉన్నారు, నిజమే. దేశమంతా పరుగెత్తించినవి మాత్రం మర్నాటి పత్రికలు. ప్రకటనల ఆదాయం రేడియో తన్నుకుపోతోందని వాటికి అప్పటికే మంట. పుకారు గురించి చెప్పుకునే కథల్లో అన్నిటికంటే పెద్దది కూడా సగానికి సగం పుకారే.

ఇక మోసం దగ్గరికి వస్తే దాని నడకే వేరు.

2024 ఆగస్టు చివర్లో లూధియానాలోని వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్‌కు ఒక ఫోను వచ్చింది. ఎనభై దాటిన మనిషి, పద్మభూషణ్ గ్రహీత, వేల కోట్ల వ్యాపారం నడిపినవాడు. ఆయన నంబరుకు కనెక్షన్ కట్ చేస్తామన్న బెదిరింపుతో మొదలుపెట్టారు. తర్వాత తెర మీదికి సీబీఐ అధికారులమంటూ కొందరు వచ్చారు. జెట్ ఎయిర్‌వేస్ వ్యవస్థాపకుడి మనీలాండరింగ్ కేసులో ఆయన ఆధార్ వాడిన ఖాతా ఉందన్నారు. వీడియో కాల్ మీదే అరెస్టు చేశామని, రాత్రింబవళ్ళు ఆ కాల్ ఆపకూడదని అన్నారు. చివరికి సుప్రీంకోర్టు విచారణే జరిగిపోయింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్‌నని చెప్పుకున్న ఒక గొంతు, కోర్టు ముద్రతో ఒక ఉత్తర్వు, అన్నీ అమర్చారు. 7 కోట్ల రూపాయలు పంపించుకున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో మళ్ళీ మళ్ళీ వినిపించిన షరతు ఒకటే: ఇది రహస్యం, ఎవరికీ చెప్పకూడదు. రెండు రోజుల తర్వాత ఆయన తన కంపెనీలో ఒక అధికారికి చెప్పారు. ఆ ఒక్క మాటతో గుట్టు రట్టయింది. పోలీసులు 5 కోట్ల 25 లక్షలు వెనక్కి రాబట్టారు.

పుకారూ మోసమూ రెండూ భయం మీదే బతుకుతాయి, రెండూ తొందర పెడతాయి. కానీ పుకారు నలుగురికీ చెప్పమంటుంది, మోసం ఎవరికీ చెప్పొద్దంటుంది. పుకారుకు ప్రచారం కావాలి, మోసానికి ఏకాంతం కావాలి. ఫోను పట్టుకున్న మనిషి భార్యతోనో, కొడుకుతోనో, ఎదురింటి వాళ్ళతోనో ఒక్క మాట అంటే చాలు, ఆ నాటకం కూలిపోతుంది. అందుకే తలుపు గడియ పెట్టుకోమంటారు, బ్యాంకులో మేనేజరు అడిగితే ఇల్లు కొంటున్నానని చెప్పమంటారు.

చట్టం చూస్తే దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అరెస్టు అంటే పోలీసు మనిషి ఎదురుగా ఉండి అదుపులోకి తీసుకోవడం. అరెస్టయిన వెంటనే బంధువుకో స్నేహితుడికో కబురు చేయడం పోలీసు బాధ్యత. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అంటే నిజమైన అరెస్టులో ఇంట్లోవాళ్ళకు చెప్పి తీరాలి, దొంగ అరెస్టులో చెప్పనే కూడదు. "డిజిటల్ అరెస్టు" అన్న మాట ఏ చట్టంలోనూ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ఇదే రేడియో మీద, 'మన్ కీ బాత్'లో చెప్పారు. ఆ తర్వాతా ఆగలేదు. 2025లో అంబాలాకు చెందిన ఒక వృద్ధ దంపతుల మొరతో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, డిసెంబరు 1న డిజిటల్ అరెస్టుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తన పేరుతో దొంగ ఉత్తర్వులు పుట్టించడం కోర్టుకు ఎంత మండించిందో వేరే చెప్పాలా? 2024లో దేశంలో సైబర్ మోసాలకు పోయిన సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది.

ఆ డబ్బు అడిగే గొంతు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మన ఇంటి దగ్గరే ఉంది. 2024 మే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్ అనే రేవు పట్నంలో కొన్ని వందల మంది భారతీయ యువకులు తమను పెట్టిన భవనం ముందు తిరుగుబాటు చేశారు. వాళ్ళలో విశాఖపట్నం, ఉత్తరాంధ్ర పిల్లలు చాలామంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు లక్షన్నర దాకా తీసుకుని పంపారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుని, సొంత దేశంలోని వాళ్ళకే ఫోన్లు చేసి ముంచడం నేర్పారు. రోజువారీ లక్ష్యం చేరకపోతే తిండి కోత, చీకటి గది. విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నాక, రాయబార కార్యాలయం మొదటి జట్టుగా 60 మందిని విడిపించింది. మరుసటి ఏడాది మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి వైమానిక దళ విమానాల్లో తెచ్చిన 500 మందికి పైగా భారతీయుల్లోనూ తెలుగువాళ్ళు ఉన్నారు. తీయటి తెలుగులో "మేడమ్, మీ పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది" అన్న కుర్రాడు కూడా ఏదో గదిలో బందీ అయి ఉండవచ్చు. ఫోను పెట్టేయడానికి అదేమీ అడ్డు కాకూడదు గానీ, తిట్టేముందు గుర్తు రావలసిన సంగతి.

మోసగాణ్ణి మనవాళ్ళు ఫోర్ ట్వంటీ అంటారు. శిక్షాస్మృతి మారి 420వ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. అయినా ఏ ఊళ్ళోనూ ఎవరూ "వాడొట్టి త్రీ వన్ ఎయిట్" అనడం లేదు. నైజీరియాలో ఇదే నేరానికి సెక్షను 419. అక్కడి యువరాజు ఆస్తిలో వాటా ఇస్తామంటూ ప్రపంచమంతా వెళ్ళిన ఉత్తరాలకు ఆ అంకె పేరే స్థిరపడింది. వాటిలో తప్పుల తడక ఇంగ్లీషు చూసి నవ్వుకున్నవాళ్ళు కోకొల్లలు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హర్లీ 2012లో దీనికి ఒక లెక్క చెప్పాడు. ఆ తెలివితక్కువ ఉత్తరం కావాలనే అలా ఉంటుందట. తెలివైనవాళ్ళు మొదటి లైనులోనే నవ్వి చింపేయాలి. ఆ తర్వాత కూడా జవాబు రాసేవాడు చివరిదాకా వస్తాడు. ఉత్తరం పంపడం చవక, బేరం నడపడం ఖరీదు. అందుకని గాలం వెయ్యకముందే జల్లెడ పడతారు. కాబట్టి "ఇంత వెర్రి మెసేజిని ఎవరు నమ్ముతారులే" అని నవ్వుకునేవారు గమనించాల్సిందేమిటంటే, అది వాళ్ళకోసం రాసింది కాదు. వాళ్ళకు వచ్చేది వేరేగా, ఓస్వాల్‌కు వచ్చినంత శ్రద్ధగా వస్తుంది.

ఏది నిజమో ఏది పుకారో ఒకే చోట పక్కపక్కన చూడాలంటే పెట్రోలు బంకుకు మించిన బడి లేదు. అక్కడ "వంద కొట్టు" అనేవాళ్ళు తగ్గి "నూటపది కొట్టు" అనేవాళ్ళు పెరిగారు. గుండ్రని అంకెలకు మీటరు ముందే దిద్ది ఉంటుందని నమ్మకం. ఎండాకాలంలో ట్యాంకు నిండా పోయిస్తే పేలుతుందన్న సందేశం కూడా ఏటా ఏప్రిల్‌లో ఉగాది పచ్చడిలా వస్తుంది. కంపెనీ చెప్పిన హద్దు దాకా ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ సంస్థ ఎన్నోసార్లు చెప్పింది. అలాగని బంకులో మోసమే లేదా? ఉంది. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని పలు బంకుల యంత్రాల్లో వాళ్ళు చిప్పులు అమర్చారు. లీటరుకు సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గించి పోసి, తెర మీద లీటరే చూపించే చిప్పులవి. ఇప్పుడు లెక్క వేయండి. చిప్పు ఉన్న యంత్రం దగ్గర వంద అడిగినా నూటపది అడిగినా తగ్గేది అదే నిష్పత్తి. నూటపది మంత్రం చదివిన మనిషి తాను జాగ్రత్తపరుణ్ణనుకుని బండి స్టార్ట్ చేస్తాడు. నిజంగా పనికొచ్చే హక్కు ఒకటుంది: ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అనుమానం వస్తే దానితో కొలిచి చూపించమని ఏ వినియోగదారుడైనా అడగవచ్చు. అడిగేవాళ్ళు చాలా అరుదు.

బియ్యానిదీ ఇదే కథ. 2017 జూన్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్లాస్టిక్ బియ్యం గోల లేచింది. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోందని వీడియోలు తీశారు. పౌరసరఫరాల శాఖ నమూనాలు పరీక్షకు పంపితే అందులో ప్లాస్టిక్ లేదు. ఉడికిన అన్నంలోని పిండిపదార్థం జిగురుగా మారుతుంది, గట్టిగా నొక్కి ముద్ద చేస్తే ఎగురుతుంది. అమ్మమ్మ చేతి పులిహోర ముద్ద ఎగరలేదంటే దాన్ని ఎవరూ నేలకేసి కొట్టలేదు గనుకనే. వ్యాపారం లెక్కలోనూ ఇది నిలవదు. కిలో ప్లాస్టిక్ గుళికల ధర రేషన్ బియ్యం కంటే ఎంతో ఎక్కువ. ఖరీదైనది కలిపి చవకైనది అమ్మే కల్తీదారు ఎక్కడైనా ఉంటాడా? తర్వాత రేషన్ దుకాణాల్లోకి బలవర్ధక బియ్యం వచ్చేసరికి అదే పుకారు మళ్ళీ లేచింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి బియ్యపు గింజ ఆకారంలో ఒత్తి, వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపారు. కడిగేటప్పుడు వాటిలో కొన్ని తేలుతాయి. తేలినవాటిని ఏరి పారేసిన ఇల్లాలు పిల్లలకు అందాల్సిన ఇనుమునే పారబోసింది. ఆమెను తప్పుపట్టలేం. కొత్త గింజ కలుపుతున్నామని ఇంటింటికీ ముందు చెప్పాల్సింది ప్రభుత్వాలు. చెప్పినచోట కూడా చాలీచాలకుండా చెప్పారు.

ఈ బంతులాట సాగుతుండగా బియ్యంలో జరిగే అసలు మోసం తన దారిన తాను పోతోంది. పేదలకిచ్చే రేషన్ బియ్యం దళారుల చేతుల మీదుగా మిల్లుకు చేరి, పాలిష్ పట్టించుకుని కొత్త సంచుల్లోకి ఎక్కుతుంది, ఓడలు కూడా ఎక్కుతుంది. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వెళ్ళి ఓడను ఆపమన్నది ఈ బియ్యం విషయంలోనే. వేసవి పండ్లలోనూ అంతే. పుచ్చకాయకు సూదితో ఎర్రరంగు ఎక్కిస్తున్నారన్న వీడియోలకు లక్షల మంది చూపరులు. సూది గుచ్చిన కాయ త్వరగా కుళ్ళుతుంది, రంగు కాయంతా సమంగా పాకదు కూడా. కార్బైడ్‌తో మామిడి మగ్గబెట్టడం మాత్రం నిజమైన ప్రమాదం. చట్టం నిషేధించింది, ఇథిలీన్ వాయువును పరిమితంగా వాడటానికే అనుమతిస్తుంది. దీని మీద వీడియో తీసేవాడు తక్కువ.

ఫోను విషయంలో నిజానికీ పుకారుకీ తేడా ఇంకా సన్నం. ఏటీఎంలో దొంగ కత్తి చూపించినప్పుడు పిన్ నంబరు వెనక నుంచి కొడితే పోలీసులకు కబురు వెళ్తుందని ఒక పాత సందేశం. పిన్ 1221 అయినవాళ్ళు ఏం చేయాలో అందులో ఉండదు. అలాంటి ఏర్పాటు ఏ బ్యాంకులోనూ లేదు. కానీ "స్టార్ 401 స్టార్" అని మొదలయ్యే నంబరు డయల్ చేయమని ఎవరైనా అడిగితే అది నిజమైన ఉచ్చు. దానితో మీ కాల్స్ అన్నీ అవతలివాడి ఫోనుకు మళ్ళేవి, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలతో సహా. దీనివల్ల జరిగిన నష్టాలు చూశాకే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ సదుపాయాన్ని ఆపించింది. పెళ్ళి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అనే పేర్లతో వచ్చే ఏపీకే ఫైలు కూడా నిజమైన ముప్పే. అసలు శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫోనులో తనను తాను ఎక్కించుకుని, మెసేజీలు చదవడానికి అనుమతి అడగదు.

"ఇదంతా డబ్బు గొడవ, పుకారు ఎవరి ప్రాణం తీసింది?" అనేవాళ్ళకు 2018 మే నెల గుర్తు చేయాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ సందేశాలతో తెలుగు రాష్ట్రాలు సహా దేశంలో ఎన్నోచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు బాగా తిరిగిన వీడియోల్లో ఒకటి, బైకు మీద వచ్చి పిల్లవాణ్ణి లాక్కుపోయే దృశ్యం, కరాచీలో తీసిన పిల్లల భద్రతా ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దించి బోర్డు చూపించే భాగాన్ని ఎవరో కత్తిరించారు. జోగుళాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఈ గాలిని ముందే పసిగట్టారు. ఎండాకాలం రాత్రి ఆరుబయట మంచాలు వేసుకోవాల్సిన జనం తలుపులు బిడాయించుకుని పడుకుంటున్నారని ఊళ్ళకు వెళ్ళిన కానిస్టేబుళ్ళు చెప్పారు. ఆమె దాదాపు 400 గ్రామాలకు కానిస్టేబుళ్ళనే పంపి, డప్పు మోగించి పాటలతో అసలు సంగతి చెప్పించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. వాట్సాప్ సంస్థ మన దేశంలో ఫార్వర్డులను ఐదుకు కుదించింది ఆ జులైలోనే.

పుకారుకు ప్రచారం, మోసానికి ఏకాంతం అని చెప్పుకున్న కొలబద్దకు ఒక చిల్లు ఉంది, దాచడం న్యాయం కాదు. నలుగురికీ చెప్పమని అడిగేదంతా పుకారే అనుకుంటే గొలుసుకట్టు పథకాల దగ్గర బోల్తా పడతాం. అక్కడ మోసమే నలుగురినీ చేర్చమంటుంది. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల మంది నుంచి 6 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి చేతులెత్తేసింది. ఏజెంటు పరాయివాడు కాదు, మేనమామ, పక్కింటి మాస్టారు, చర్చిలో పాట పాడే అన్న. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవాళ్ళకు డబ్బు తిరిగి ఇచ్చింది. అంతకు మించి పెట్టినవాళ్ళు ఎదురుచూస్తూ మిగిలారు. బియ్యాన్ని లాగే రాగి చెంబు, రెండు తలల పాము అంటూ తిరిగే రైస్ పుల్లింగ్ ముఠాలు మాత్రం పాత పద్ధతివే, రహస్యం మీదే నడుస్తాయి. ఇనుపరజను పట్టించిన బియ్యం, చెంబులో అయస్కాంతం, అంతే అందులో ఉన్న మహిమ. రెండు తలల పాముకు రెండో తల ఉండదు, మొద్దుగా ఉండేది తోక. దాన్ని పట్టుకున్నా అమ్మినా వన్యప్రాణి చట్టం కింద జైలు. కొనబోయి డబ్బు పోగొట్టుకున్నవాడు అందుకే పోలీసు స్టేషను గడప తొక్కడు.

డబ్బు పోయాక కూడా ఆ నోరు మూసుకోవడమే మోసగాడికి మేలు చేస్తుంది. పోయిన సొమ్ము మొదట ఒక అద్దె ఖాతాలో పడుతుంది. ఏ కాలేజీ కుర్రాడో, కూలీయో కొన్ని వేలకు తన పాస్‌బుక్, సిమ్ము అప్పగించిన ఖాతా అది. నిమిషాల్లో అక్కడి నుంచి పది ఖాతాలకు, వాటి నుంచి మరో వందకు చీలుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే రాష్ట్ర పోలీసు కేంద్రం వివరాలు తీసుకుని, డబ్బు ఆగి ఉన్న బ్యాంకుకు తెర మీదే కబురు పంపుతుంది, బ్యాంకు ఆ సొమ్మును బిగిస్తుంది. 2021లో మొదలైన ఈ ఏర్పాటు 2025 నడిమి నాటికి 5 వేల కోట్ల రూపాయలకు పైగా ఆపగలిగింది. మొదటి గంటలో వచ్చిన ఫోనుకూ మర్నాడు వచ్చిన ఫోనుకూ తేడా అంతా ఇక్కడే. బ్యాంకుదీ, ఖాతాదారుదీ తప్పు లేకుండా డబ్బు పోయినప్పుడు మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే నష్టం ఖాతాదారుది కాదని రిజర్వు బ్యాంకు 2017 జులై నాటి ఉత్తర్వు చెప్పింది. ఓటీపీ తానే చెప్పి ఉంటే, చెప్పిన క్షణం నుంచి బ్యాంకుకు తెలిపేదాకా పోయింది ఖాతాదారుడి నెత్తిన పడుతుంది, తెలిపాక పోయింది బ్యాంకు భరించాలి. సిగ్గుపడి ఆగిన ప్రతి గంటా ఈ లెక్కలో కనిపిస్తుంది.

ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళలో ఎక్కడో ఒకచోట, పోయిన నెల ఎంతో కొంత పోగొట్టుకుని ఇంకా ఎవరికీ చెప్పని పెద్దాయనో పెద్దావిడో ఉండి ఉండవచ్చు. పిల్లలు తిడతారని భయం. ఆ పిల్లలకు ఒక విన్నపం: ఇవాళ భోజనాల దగ్గర తిట్టకుండా అడగండి. 1930 రాత్రీ పగలూ పలుకుతుంది. పది రూపాయల బిళ్ళ మీద అనుమానం ఉంటే 14440కి మిస్డ్ కాల్ చాలు, వాళ్ళే తిరిగి చేస్తారు.